ఆరు పౌన్ల దారం

ఆగస్టు, పదకొండు గంటలకే
మల్బరీ పాయ మీద గాలి చచ్చిపోయింది.
కంబర్లాండ్ కొండలు ఎండకి వెలిసిపోయాయి.
నీళ్ళు పొయ్యి మీంచి దించిన చారులా ఉన్నాయి.
పొద్దున్నే రొద పెట్టుకుంటూ వచ్చిన పడవలన్నీ
రేవుకు మళ్ళాయి,
మెరిసే రేకుల ఎరలు, గిలక్కాయల ఎరలు,
కప్పల్లా గెంతే ఎరలు
పెట్టెల్లో సర్దుకుని.

మేం మిగిలాం. హోబర్ట్, నేను,
ఒక ఐసుపెట్టె, రెండు టమాటా శాండ్‌విచ్‌లు.

"పైపైన వెతికేవాడికి వేసవిలో చేపల్లేవు" అంటాడు హోబర్ట్.
ఇరవై రెండడుగుల లోతున
పదేళ్ళ కిందట తనే ముంచిన దేవదారు కొమ్మలున్నాయి,
సిమెంటు ఇటుకలు కట్టి.
ఆ నీడలో బాస్ చేపలు
మధ్యాహ్నం కునుకు తీసే కొట్టువాళ్ళలా
బేరం వచ్చినా కన్ను తెరవవు.

అందుకే ఇంత చిన్న ఎర.
నా చిటికెన వేలంత ప్లాస్టిక్ వానపాము,
పచ్చి గుమ్మడి రంగు, పొట్ట మీద మిరియపు చుక్కలు.
సంచీ విప్పితే సోంపు వాసన.
దారం కొసన జడకుచ్చులా సీసపు గుండు,
దానికి జానెడు పైన గాలం,
గాలానికి ముక్కు ఒక్కటే అప్పగించి
మిగతా ఒళ్ళంతా నీళ్ళకు వదిలేసిన పురుగు.
దారమా, ఆరు పౌన్లు మించితే తెగుతుంది.
వెలుగుకు ఎదురుగా పెడితేగాని
ఉందో లేదో తెలియదు.

ఈ ముడి నాకు నేర్పింది హోబర్టే.
ముప్ఫై ఏళ్ళ కిందట, ఇదే పడవలో.
"ఉమ్మితో తడిపి బిగించు. పొడిముడి అబద్ధాలాడుతుంది."
నాలుగు నెలలుగా
అతని ముడులు కూడా నేనే వేస్తున్నాను.
నోరు తెరిచి అడగడు. కడ్డీ నా ఒళ్ళో పెట్టి
ఒడ్డున కొంగను చూస్తాడు.

రంపపు మిల్లులో నలభై ఏళ్ళు
పంటి పంటికీ ఆకురాయి పట్టిన చెయ్యి.
వెంట్రుకవాసి తేడాకే ఉలిక్కిపడిన చెయ్యి.
ఇప్పుడు కాఫీ సగం కప్పే పోయమంటుంది.
చర్చిలో పాటల పుస్తకం కింద దాక్కుంటుంది.
డాక్టరు దానికి పెట్టిన పేరును
మేం పడవెక్కనివ్వం.

నేను వేశాను. గుండు అడుగు తాకింది.
మణికట్టుతో ఆడించాను, నేర్చుకున్న పద్ధతిలోనే.
ఆడించి, ఆపి, ఆడించి.
గంట గడిచింది. ఏమీ లేదు.
నా పురుగు మరీ కష్టపడి నటిస్తోంది కాబోలు.

హోబర్ట్ వేశాడు. ఏమీ చెయ్యలేదు.
కడ్డీ పట్టుకు కూర్చున్నాడు, అంతే.
వేళ్ళలోంచి కడ్డీలోకి,
కడ్డీ కొసనుంచి దారంలోకి
ఆ వణుకు దానంతటదే దిగిపోయింది,
ఇరవై రెండడుగులూ.
అక్కడ, దేవదారు చీకట్లో,
ప్లాస్టిక్ ఊపిరి తీసుకుంది.

చెప్పబోయిన మాట ఎవరో మింగినట్టు
దారం కాస్త బరువెక్కింది.
గుంజుడు కాదు. బరువు.

"ఉంది."

గట్టిగా లాగితే అన్నీ పోతాయి.
చుట్టాలి, వెనక్కి వాలాలి, ఇవ్వాలి, మళ్ళీ చుట్టాలి.
రీలు కీచుమంటూ దారం ఇచ్చింది.
చేప పడవ కిందకి దూరింది, లోతుకి పోయింది, విసిగింది,
చివరికి పక్కకొరిగి పైకి తేలింది,
కంచు ఒళ్ళు, ఎర్రటి కళ్ళు, మూడు పౌన్ల కోపం.

చెయ్యి తడుపుకుని
కింది పెదవి పట్టి ఎత్తాడు హోబర్ట్.
వణుకుతున్నది చేపో చెయ్యో
నేను చెప్పలేను.
వంగి, నీళ్ళలో నిలిపి పట్టుకున్నాడు
అది తోక గుర్తు తెచ్చుకునేదాకా.

"ఎంత డబ్బు పెట్టినా
ఇలాంటి మోటారు దొరకదు తెలుసా" అన్నాడు
చెయ్యి పైకెత్తి చూపిస్తూ.
నాకు నవ్వు ఆలస్యంగా వచ్చింది.
సరిగ్గా రాలేదు కూడా.

పురుగు ముక్కు చినిగింది. దారం నలిగింది.
కడ్డీ మళ్ళీ నా ఒళ్ళోకి వచ్చింది.
గాలం కన్నులోకి దారం గుచ్చబోతే
ఒకసారి తప్పింది. రెండోసారి. మూడోసారీ.

హోబర్ట్ ఒడ్డుకేసి తిరిగాడు.
కొంగ ఎప్పుడో ఎగిరిపోయింది.
అయినా అటే చూస్తున్నాడు.