కరెంటు బిల్లు వెనకాల

ఆదివారం గుత్తికి పోదాం.
కరెంటు బిల్లు వెనకాల లెక్క రాసినా, చూడు.

ఆధార్ కార్డు చూపిస్తే పల్లెవెలుగులో నాకు సున్నా.
నీకే టికెట్టు.
పోనూ అరవై, రానూ అరవై,
మగోనివి అయినందుకు!

ఉగ్గాని ఇంట్లోనే చేసి కట్టుకుంటా,
బజ్జీలు మాత్రం వేడివేడిగా అక్కడే, ఇరవై.
నీళ్లు మన సీసాలోవే.
కోట ఎక్కేదానికి కాళ్లు చాలు,
దిగేటప్పుడు నీ భుజం.

బస్టాండుకాడ లాడ్జి ఐదొందలంట.
రాసి, కొట్టేసినా.
ఆఖరి బస్సుకు వచ్చేద్దాం.

కుళాయికాడ సుంకమ్మ అడిగె,
"గుత్తిలో మీకు ఎవురున్నారే?"
ఎవురూ లేరు.
పెండ్లి లేదు, దినం లేదు,
ఆసుపత్రి చీటీ లేదు.
పదహైదేండ్లుగా మనం ఎక్కిన బస్సులన్నీ
ఎవురో పిలిస్తేనో, ఎవురో పోతేనో.

"మరి యాటికే, దేనికే?" అనె.
బిందె నెత్తికెత్తుకొని
"ఊరికే" అంటి.
అనినాక ఆ మాట
ఇంటిదాకా నాతోనే నడిచొచ్చింది.

మొత్తం నూటా నలభై.
గీత గీసినాక, కింద
ఇంకో పది రూపాయలు రాసినా.
దేనికో దాని పక్కనే ఉంది, చదువు:

ఊరికే.