సర్వే నంబరు ఎనభై నాలుగు బై రెండు

పడవ ఆపమన్నాను.
చేతిలో యంత్రం పచ్చగా వెలిగింది:
తూర్పు మూల హద్దురాయి ఇక్కడే.
కింద వైనతేయ పాయ, ఎర్రనీళ్ళ రోజులు.
ఒక గుర్రపుడెక్క దుబ్బు
పొలం మీంచి తన దారిన తాను పోతోంది.

పల్లాలమ్మ కాసేపు నీళ్ళకేసి చూసింది.
"అద్గదే బోరు. దాని పక్కన చక్కెరకేళి నాలుగు సాళ్ళు.
ఇటు కంద. మీ పడవ ముక్కున్న కాడ
మాయన చలిమంటేసుకునేవోడు, పందులకి కాపలా."
చెయ్యి చాపి చూపిస్తుంటే
నేనూ తల వంచాను,
అరటాకు తగలకుండా.

నా సంచిలో పటం ఉంది. పటంలో పొలం ఉంది.
అడంగల్లో ఉంది. పాసుబుక్కులో ఆవిడ ఫోటో పక్కన
ఎకరం ఇరవై సెంట్లుగా ఉంది.
సరంగు గడ దించాడు.
మూడు నిలువుల లోతు.

అవతలి గట్టున తద్దినం పెట్టించడానికి
అదే పడవెక్కిన యజ్ఞన్న శాస్త్రి గారు
ఊరుకోలేక అన్నారు:
"చీకట్లో తాడుని చూసి పామనుకుంటామమ్మా.
దీపం తెస్తే పాము లేదు. జగత్తూ అంతే."
"తాడుంటది కదండి మరి?"
"ఉంటుంది."
"నాకు తాడే పోయిందండి."

కాసేపు గడకి నీళ్ళు కొట్టుకునే చప్పుడు.

శాస్త్రి గారు మంచివారు, శ్లోకం వెనక దాక్కోలేదు.
ఉత్తరీయం సర్దుకుని మెల్లగా అన్నారు:
"మిథ్య అంటే లేదని కాదు తల్లీ.
ఉందనడానికీ లేదు, లేదనడానికీ లేదు."
"ఆయ్. ఎమ్మార్వో గారూ అదే అన్నారండి,
పోయిన సోమారం."
సరంగు పకాల్న నవ్వాడు.
నేను నవ్వలేదు.
ఆ కాగితం మీద రెండో సంతకం నాది.

"మరి సొసైటీ అప్పోనండి?"
"అది వ్యావహారికం."
"దానికి వడ్డీ ఆగదేటండి?"
ఆయన ఏటికేసి తిరిగారు.
వాళ్ళ అగ్రహారంలో ఒక వరస ఇళ్ళు,
ఆయన ఓనమాలు దిద్దిన అరుగుతో సహా,
ఈ నీళ్ళలోకే జారాయని
సరంగు తర్వాత చెప్పాడు నాకు.

దిగువన కోసెడు దూరంలో
ఈ యేడు కొత్త దిబ్బ లేచింది.
ఇంకా రెల్లు మొలవలేదు.
కొంగలు మాత్రం వచ్చి వాలాయి, నంబరు అడక్కుండా.
"అందులో నా మట్టి ఉండదా బాబూ?"

ఉంటుంది. ఇక్కడ పోయిందే కదా అక్కడ తేలేది.
కుండ పగిలితే మట్టి ఎక్కడికి పోతుంది?
కానీ పేరు పోయింది, ఆకారం పోయింది,
మిగిలినదాన్ని ఏమనాలో
నన్నడిగితే చెప్పలేను.
చట్టం మాత్రం తడుముకోదు:
ప్రభుత్వానిది అంటుంది.

సరంగు గడ పైకి లాగాడు.
కొనకి నల్లటి ఒండ్రు.
ఆవిడ వేలితో తీసి, నలిపి, వాసన చూసి
"మాదే" అంది.
ఆ మాట నమోదు చేసే మీట
నా యంత్రంలో లేదు.
శాస్త్రి గారు ఆ వేలి కేసే చూస్తున్నారు,
ఏదో మరిచిపోయిన పాఠం చూసినట్టు.

రిమార్కుల గడి ఖాళీగానే మూసేసి
పడవ తిప్పమన్నాను.

"చేలోంచి కాదురా నాయనా,"
అంది పల్లాలమ్మ సరంగుతో,
"గట్టు మీంచి పోనీ."

అతను గడ మార్చి
గట్టు మీంచే పోనిచ్చాడు.