మూడు కడుపులు

ఆవుకు నాలుగు కడుపులని
ట్రైనింగులో బొమ్మ గీసి చూపించినారు.
నా బులెట్టుకు మూడని
చెప్పినోళ్లు లేరు.

డెబ్బై ఎనిమిదో మోడలు.
మామిడి గుజ్జు ఫ్యాక్టరీ మేస్త్రి చెంగల్రాయుడు
మోకాళ్లు అరిగి అమ్మేసినాడు.
కుడికాలితో గేరు, ఎడంకాలితో బ్రేకు.
వెనక క్యారియరుకు కట్టిన నైట్రోజన్ క్యాను,
మూత తీస్తే తెల్లటి పొగ,
పొగ లోపల ఇంకా పుట్టని దూడలు.

చిత్తూరు గాంధీ రోడ్డు అంగట్లో పిల్లోడు
మెరిసే డబ్బా చేతికిచ్చినాడు.
"ఫుల్ సింథటిక్ అన్నా, పెద్ద కార్లకు పోసేది,
నీళ్ల మాదిరి పారతాది."
ముసలి బండికి ఖరీదు నూనె పోస్తే
పుణ్యమే కదా అనుకున్నా.
ఇంజన్లో పోసినా.
మిగిలింది క్లచ్చి కేసులో పోసినా.
ఇంకా మిగిలితే, గేర్లకు మాత్రం ఆకలుండదా అని
అక్కడా రోంత.

మొగిలి ఘాటు, రెండో మలుపు.
ఇంజను గొంతు చించుకుంటా ఉంది
బండి మాత్రం కదలదు.
లోపల క్లచ్చి పలకలు
ఒళ్లంతా ఆముదం పూసుకున్న దొంగల మాదిరి
ఒకదాని చేతిలోంచి ఒకటి జారిపోతా ఉండాయి.

ఘాటుకు అవతల ఊర్లో
కన్నెమ్మ ఆవు తెల్లవారుజాము నుంచీ అరుస్తా ఉంది.
ఎద ఎవురి కోసమూ నిలబడదు.
పొద్దు గూకినాక లారీ ఎక్కి నేను చేరేసరికి
ఆవు నింపాదిగా నెమరేస్తా ఉంది.
కన్నెమ్మ కొట్టంలో పేడ ఎత్తుకుంటా
నా మొగం చూడకుండానే అనింది:
"ఇంగ ఇరవై ఒక్క దినాలు."
తిట్టుంటే బాగుండు.

గ్రీంసుపేటలో ఏకాంబరం
గోనెసంచి పరచి బండి కింద పండుకున్నాడు.
బోల్టు విప్పి, కారిన చుక్కను
బొటనవేలికీ చూపుడువేలికీ నడాన పెట్టి
మెల్లింగా సాగదీసినాడు.
ఆవు తీగ చూసేటప్పుడు
నేను చేసేదీ అదే.
సాగేదాంట్లోనే కదా సమాచారమంతా.

"డాక్టరా, ఆవు మందు కోడికి పోస్తావా?"

ఇంజనుకు మినరల్ నూనె, ఇరవై - యాభై.
సీళ్లు ముసలివి,
పలచటిది పోస్తే సందు చూసుకుని బయటికొస్తాది.
క్లచ్చికి బైకులదే, కారుది కాదు.
"పట్టుకోవాల్సిన చోట నునుపెందుకప్పా?"

గేరుబాక్సు కాడ ఆగినాడు.
తొంభై నెంబరు డబ్బాలు రెండు ఎత్తి చూపించినాడు.
ఒకదాని మింద జీఎల్ నాలుగు, ఒకదాని మింద ఐదు.
ఐదే గొప్పది కదా అంటిని,
మార్కులు చూసి పెరిగినోన్ని.
"గొప్పదే. గంధకం ఎక్కువ దాంట్లో.
ఈ పెట్టెలో ఉండేది కంచు బుష్షులు.
ఏ శబ్దమూ లేకుండా, ఏండ్ల తరబడి తినేస్తాది.
నీకు తెలిసేనాటికి
బుష్షు ఉండదు, నేనూ ఉండను."
నాలుగు డబ్బా మూత తిప్పినాడు.
చిక్కటి నూనె
తొందర లేని ముసలాయన మాదిరి
గరాటులో దిగతా ఉంటే
ఇద్దరమూ మాట్లాడకుండా చూసినాం.

ఇరవై రెండో దినం ఫోను.
మలుపులో సెకండుకు దించినా.
క్లచ్చి పట్టుకునింది.
పట్టుకోవడమంటే ఏందో
ఆ పొద్దు నా అరిచేతికి తెలిసింది.

కన్నెమ్మ తోక పట్టుకునింది.
సూది అయినాక సోపుతో చేతులు కడుక్కుంటా ఉంటే
ఆమె ఆవును చూడకుండా
బండి కింద నేలను చూస్తా ఉంది.
మూడు చోట్ల మూడు చుక్కలు,
ఒకటి నలుపు, ఒకటి ఎరుపు, ఒకటి తేనె రంగు.

"డాక్టరా," అనింది నవ్వు ఆపుకుంటా,
"నీ బండీ తీగేస్తా ఉందే."

అట్టముక్క ఒకటి ఎతికి
దాని కింద పెట్టినా.