కృతజ్ఞతల పేజీ

కాలేజీ గేటుకు ఎదురుగా, టైర్ల కొట్టు పక్కన
నాది బైండింగు షాపు.
ఏప్రిల్ వస్తే అనంతపురంలో నాకు రెండు పొయ్యిలు:
పైన రేకులు, లోపల జెరాక్సు మిషను.

నేను ఇంజనీరును కాను,
పదో తరగతి రెండుసార్లు రాసినోణ్ణి.
అయినా ఒక రిపోర్టు నాకు కంఠతా వచ్చు:
జిల్లేళ్ల వంకకు అడ్డంగా చెక్‌డ్యాం,
డెబ్బయ్యారు పేజీలు, నల్ల అట్ట, బంగారు అక్షరాలు.
పందొమ్మిదో పేజీలో ఇసుకకు
ఇంగ్లీషులో ఒక అక్షరం ఎక్కువ.
నాలుగు బ్యాచ్‌లుగా ఆ తప్పు
ఇంటిపేరు మాదిరి దిగుతా ఉంది,
పిల్లోళ్ల పేర్లే మారుతాండాయి.

మొదట రాసింది వన్నూరక్క.
పల్లెవెలుగు బస్సులో
మట్టి సంచులు ఒళ్లో పెట్టుకొని వచ్చేది.
మట్టికి లగేజీ టిక్కెట్టు కొట్టినాడని
కండక్టరును తల్చుకొని ఈ బల్ల మీదే నవ్వింది.
ఆ టిక్కెట్టునూ రిపోర్టు చివర అతికించింది.
తరవాతోళ్లు
టిక్కెట్టును కూడా జెరాక్సు తీసుకున్నారు.

పేరు మార్చడం కంప్యూటరుకు చిటికెలో పని.
పేజీకి రూపాయిన్నర.
నేను అడగలేదు. అడగమని నాకెవరూ చెప్పలేదు.

ఈసారి తిప్పేస్వామి వచ్చినాడు.
‘అన్నా, అదే. పేరు మార్చు, సాలు.’
వెనకాలే వాళ్ల నాయన, రాయదుర్గం నుంచి,
బైండింగు దుడ్లు జేబులో మడిచి పెట్టుకొని.
ప్రింటు వెచ్చగా బయటికొస్తాంటే
ఆయన ఒక కాగితం తీసుకున్నాడు,
అప్పుడే పెనం దించిన రొట్టె మాదిరి, రెండు చేతులా.
‘ఇంగ్లీషు కదా. ఏం రాసినాడు సామీ మావాడు?
నా మాట యాడన్నా ఉందా?’

అది కృతజ్ఞతల పేజీ.
ఆయన పేరు లేదు. నాయన అనే మాట ఉంది.
‘బోరుబండి కింద ప్రాణం విడిచిన మా నాయనకు
ఈ పని అంకితం.’
వన్నూరక్క ఏడ్చుకుంటా టైపు చేయించిన వాక్యం.
కింద సంతకం చోట తిప్పేస్వామి.

నాకు నోరు పెగల్లేదు.
చదివితే ఎదురుగా ఉన్న మనిషి చచ్చిపోతాడు.
చదవకపోతే, ఆ దొంగలెక్కలో నేనూ ఒకణ్ణి.
వాడు నా ముఖం చూసినాడు, పేజీ చూసినాడు,
నాయన చెప్పులు చూసినాడు.
మెల్లగా కాగితం తీసుకొని
‘తప్పు పడింది నాయనా’ అన్నాడు.
‘ఎంత తప్పు?’
‘అంతా.’

పదహారు దినాలు కనపల్లేదు. గడువు దాటింది.
వంకలో ఎవరో పిల్లోడు
ఎండలో గుంతలు తవ్వుతాండాడని
గొర్రెలోళ్లు చెప్పుకున్నారు.

తెచ్చింది ఇరవైమూడు పేజీలు.
ఉన్నదాంట్లో సన్న రింగు వెతికినా.
వన్నూరక్క తవ్వినచోట ఇప్పుడు ఇసుకే లేదంట,
ట్రాక్టర్లు ఎత్తుకపోయినాయంట.
అంటే
లేని ఇసుక మీద మేమందరం కట్ట కట్టి
ఇన్నేళ్లూ మార్కులు నిలబెట్టినాం.
ఏ కాంట్రాక్టరు చేతికో ఆ అంకెలు పోయుంటే
మొదటి వానకే కట్ట పోయేది,
శిలాఫలకం మిగిలేది.

చివర ఆమె పేరు రాసినాడు, ఏడాదితో, పేజీ నంబరుతో:
ఈ ఆరు అంకెలు ఆమెవి, తక్కినవి నావి.
విత్తనం కాయలు బదులు తెచ్చుకుంటే
ఎవరింటివో కళ్లంలో చెప్పుకుంటాం కదా,
అట్లనిపించింది నాకు.
మార్కులు తగ్గినాయంట. గైడు సారు ఏమన్నాడో తెలీదు.
కృతజ్ఞతల్లో ఒకటే మాట:
‘గుంతలో దిగినప్పుడు పైన తాడు పట్టుకున్న
మా నాయన ఎర్రిస్వామికి.’

పాత ఫైలు నా దగ్గర ఇంకా ఉంది.
తుడిపేద్దామని రెండుసార్లు చెయ్యి పెట్టినా,
ఆ బస్సు టిక్కెట్టు అందులోనే ఉంది.
నిన్న ఇంకో ఇద్దరొచ్చి అడిగితే
పోయిందని అబద్ధం చెప్పి,
వంకకు బస్సు యాడ ఆగుతుందో చెప్పినా.

అన్నట్టు, తిప్పేస్వామి పదకొండో పేజీలో
ఒక స్పెల్లింగు తప్పుంది.
దిద్దమంటావా అని అడగబోయి ఊరుకున్నా.
కొత్త తప్పు.
వాడి సొంతం.