నేను నీళ్లు మాత్రమే గీశాను

ఉత్తరం మంగళవారం వచ్చింది.
మూడు పేజీలు. మర్యాదగానే ఉంది.
'మీ అభిమానానికి కృతజ్ఞతలు' అని మొదలై
'పది రోజుల్లోగా' దగ్గర ముగిసింది.

ఔలులో అప్పటికి మధ్యాహ్నం రెండున్నర,
వీధి దీపాలు వెలిగిపోయాయి.
ఇల్పో ఆసుపత్రి లిఫ్టు గోతిలో నిలబడి
టార్చి పళ్ల మధ్య కరుచుకుని
ఫోన్లో చదివాడట.

తొమ్మిదేళ్లు కట్టాం ఆ ఆటని.
మేం పుట్టించింది కాదు, నిజమే.
చిన్నప్పుడు బొత్తాలు అరిగేదాకా ఆడిన 'ఉప్పుదీపం'.
కంపెనీ దాన్ని మరిచిపోయింది.
క్యాసెట్లు బూజుపట్టాయి,
కొత్త టీవీలకి ఆ తీగ తగలదు.
మళ్లీ కట్టాం, ఇటుక ఇటుకా.
నక్క ఎంత ఎత్తు దూకాలి,
దూకాక గాల్లో ఎంతసేపు ఆగాలి, అదంతా ఇల్పో.
మందుల షాపులో రాత్రి డ్యూటీ చేస్తూ
తువోవి పాత సంగీతాన్ని విని విని దించింది.
నేను నీళ్లు మాత్రమే గీశాను.

నాలుగు నీలాలు, ఒక తెలుపు.
అల అంటే ఎనిమిది బొమ్మలు, ఒకదాని వెనక ఒకటి.
ఆరో బొమ్మలో తెల్లచుక్క
అసలు ఆటలో ఒక గడి ఎడమకి ఉంటుంది.
అందుకే అక్కడి నీళ్లు
దుప్పటి దులిపినట్టు ఉలిక్కిపడతాయి.
దాన్ని కుడికి జరిపాను.
అది తెలుసుకోడానికి ఒక చలికాలం పట్టింది.
వాళ్లిద్దరికీ చెప్పలేదు.

పైసా తీసుకోలేదు మేం.
ఈ మాట అన్నప్పుడల్లా
నా గొంతు నాకే కాస్త పెద్దగా వినిపిస్తుంది.

ఎందుకంటే, నాలుగేళ్ల కిందట
సంత వీధి దుకాణంలో కాఫీ కప్పుల మీద
నా ఎలుగుబంటి కనబడింది.
నాదే. ఎడమ చెవి వంకర, నా చేతి తప్పు.
అడిగితే దుకాణదారు నవ్వాడు,
'అందరికీ నచ్చింది కదా, సంతోషించండి.'
నేను సంతోషించలేదు.
నేనూ రాశాను ఒక ఉత్తరం.
ఒకటే పేజీ. మర్యాద తక్కువ.

సొమ్మొకడిది సోకొకడిది అని
ఆ రోజు అతన్ని కడిగేసిన నోటితో
ఇప్పుడేమనను?

గురువారం మా వంటింట్లో ముగ్గురం.
'పేర్లు మార్చేద్దాం,' అంది తువోవి,
'నక్కని కుందేలు చేద్దాం, దీపాన్ని లాంతరు.'
'తొమ్మిదేళ్లు కుందేలు కోసం కూర్చున్నానా?'
అన్నాడు ఇల్పో, గిన్నెలోకి చూస్తూ.
ఆ తర్వాత ఎవరూ ఏమీ అనలేదు.
పొయ్యి మీద కాఫీ మాడింది.

శుక్రవారం ఇంకో కవరు.
సకాయ్ నుంచి, చేత్తో రాసింది,
ఒక్కో ఇంగ్లీషు అక్షరాన్నీ పట్టుకుని నిలబెట్టినట్టు.
తేదీ చూస్తే మూడు వారాల కిందటిది.
కంపెనీ ఉత్తరం సంగతి ఆవిడకి తెలియదు.
పేరు హత్సుయే. డెబ్బై నాలుగేళ్లు.
అసలు ఆటలో నీళ్లు గీసింది తనేనట,
నెల జీతానికి.
చివర దొర్లే పేర్లలో ఆవిడ పేరు లేదు.

'ఆ నీళ్లు నావి కావు,' అని రాసింది,
'కాబట్టి బాగున్నాయని చెప్పే అధికారం
నాకుందో లేదో.
మనవడు తెర మీద చూపించాడు.
ఆరో బొమ్మలో నా చుక్క తప్పు.
ఆ రాత్రే తెలుసు. తెల్లారితే గడువు.
ముప్పై మూడేళ్లుగా
ఎక్కడ నీళ్లు చూసినా అదే గుర్తొచ్చేది.
మీరు జరిపారు.
చాలాసేపు చూస్తూ కూర్చున్నాను.'

పదో రోజు రాత్రి ఇల్పో ఆటని దించేశాడు.
నిజంగా తీసేయాలా అని యంత్రం అడిగింది.
అవును అన్నాడు, పైకే.

కిటికీ అవతల నది అంచులు గడ్డకడుతున్నాయి,
మధ్యలో మాత్రం ఇంకా పారుతోంది.
హత్సుయేకి జవాబు రాయాలని కూర్చున్నాను.
మొదటి వాక్యమే రావడం లేదు.
కాగితం అంచున ఊరికే అలలు గీస్తూపోయాను,
ఒకటి, రెండు, మూడు...
ఆరోదాంట్లో చుక్క పెట్టలేదు.
అక్కడ చోటు వదిలి
కవరు అంటించాను.