నమూనా గది

మెర్రెడిన్ దాటి అరవై కిలోమీటర్లు.
పట్టాల పక్కన నాలుగు గాదెలు, ఒక కాటా,
ఇనుప మెట్ల మీద నా గది.
నవంబరు ఎండకి రేకు కప్పు చిటచిటలాడుతుంది.
లారీ వచ్చి ఆగగానే
పొడవాటి గొట్టం గోధుమల్లోకి దించి
అడుగు నుంచి మానికెడు పైకి లాగుతాను.
పైపైన ఎవరైనా మంచివే పోస్తారు.

యేసుపాదం అనడానికి నోరు తిరగక
డ్రైవర్లు నన్ను పాడీ అంటారు.
"పాడీ, చూసీ చూడనట్టు చూడు" అంటారు.

చేట లేదు గాని చేసేది చెరగడమే.
జల్లెడ ఆడించి తెల్ల పళ్లెంలో పరుస్తాను.
తాలు ఒక పక్క, రైగడ్డి గింజలు ఒక పక్క,
అడవి ముల్లంగి కాయముక్కలు పట్టకారుతో ఏరి
లెక్కపెడతాను.
మే నెలలో ఎవరేం చల్లారో
నా పళ్లెం నవంబరులో చెప్పేస్తుంది
అనుకునేవాణ్ణి.

నిరుడు లిండ్సే ట్రెలోర్ టోపీ తీసి నిలబడ్డాడు,
డెబ్బై రెండేళ్ల మనిషి, బడిపిల్లాడిలా.
"ఆ గడ్డి నేను చల్లింది కాదు.
కంచె అవతల నుంచి గాలి తెచ్చింది."
నిజమే అయ్యుంటుంది.
నా పట్టికలో గాలికి గడి లేదు.
రెండో రకం అని రాశాను.
టన్నుకి ముప్పై డాలర్లు పోయినా
థాంక్స్ చెప్పి మెట్లు దిగాడు.

ఆ సాయంత్రమే డారిల్ వచ్చాడు.
కొత్తలో నా కారుని బురదలోంచి లాగినవాడు,
నిప్పుల మీద మాంసం పెట్టి నన్ను పిలిచేవాడు.
వాడి పళ్లెంలో ఒక గింజ కదిలింది.
ముక్కపురుగు. ఒక్కటే.
చూపుడు వేలితో నొక్కాను.
పళ్లెం తుడిచి
మొదటి రకం అని రాశాను.

మూడు వారాలకి మూడో గాదె వేడెక్కింది.
లోపలి గోడ నడుస్తోంది.
తలుపులు బిగించి మందు పెట్టారు.
ఎంతమంది పంటో అది,
ఎవరి గింజ ఎవరిదో గాదెకి తెలియదు.
మా గోధుమలు లేకుండానే రేవులో ఓడ కదిలింది.
ట్రెలోర్‌వి మాత్రం పక్క గాదెలో చల్లగా ఉన్నాయి,
రెండో రకం కాబట్టి.

ఎవరూ నన్ను అడగలేదు.
ఆ అడగకపోవడాన్నే
రోజూ కొంచెం కొంచెం కోసుకున్నాను.

ఆదివారం చెక్క గుడిలో పదకొండు మందిమి.
మెర్ల్ హాకింగ్ అమ్మగారు విత్తడం గురించి, కోత గురించి చదివింది.
ఈ ఊళ్లో ఆ మాట విడమరచి చెప్పక్కర్లేదు.
దేవుణ్ణి ఏమార్చలేరన్న ముక్క దగ్గర మాత్రం
ఆగి, కళ్లద్దాలు తుడుచుకుంది.
నా ముందు బెంచీలో ట్రెలోర్ మెడ,
ఎండకి సాళ్లు పడిన మెడ.

గుడి బయట ఆయనకి చెప్పాను.
పురుగు సంగతి, వేలి సంగతి.
డారిల్ పేరు చెప్పలేదు.
ఆయన చాలాసేపు మబ్బు లేని ఆకాశం చూసి
"రేపు కాటా ఎన్నింటికి తెరుస్తారు?" అన్నాడు.
రేపు మేనేజరుకి కూడా చెప్పాను.
తరువాతి కోతకి నన్ను పిలవబోమన్నారు.

ఇప్పుడు జూన్.
నా కారవాన్ మెట్టు పక్కన,
సింకు నీళ్లు కారే చోట
సన్నని పచ్చని గీత.
సాయంత్రాలు పని నుంచి వచ్చి
ప్యాంటు మడతలు దులిపిన చోటు అది,
బూట్లు బోర్లించిన చోటు.
నేను విత్తలేదు.
నేనే విత్తాను.

గోధుమా ఉంటుంది, రైగడ్డీ ఉంటుంది.
పీకుదామని వంగాను.
మొలకప్పుడు రెండూ ఒక్కలాగే ఉన్నాయి.
పళ్లెం లేదు, పట్టకారు లేదు,
గడులు గీసిన కాగితం లేదు.

వెన్ను తీసేదాకా ఆగాలి.
ఆగుతాను.
నాకిప్పుడు వేరే పనేం ఉంది గనక.