పులుసు దాక మీద మూత

మా ఎలీసమ్మ మామ్మ
పులుసు దాక మీద మూతపెట్టే పింగాణీ పళ్ళెంలో
ఒక నక్క పాదిరీ ఉండేవాడు.

నీలిరంగు అంగీ, మెడలో సిలువ,
వేదపుస్తకం తలకిందులుగా పట్టుకుని
ఏడు బాతులకు వాక్యం చెబుతుండేవాడు.
ఎనిమిదోదాని మెడ
అంగీ జేబులోంచి వేలాడుతుండేది,
పీచు రాసి రాసి కొంచెం అరిగిపోయి.

ఒలందావాళ్ళదో పరాసులదో ఎవరికీ తెలీదు.
నర్సాపురం రేవులో పడవెక్కుతూ ఒక దొరసాని
పదిహేను గజాల లేసుకి డబ్బులివ్వలేక
ఇది చేతిలో పెట్టి పోయిందట.
"దొరలకీ అప్పులుంటాయే!" అనేది మామ్మ.
ఆ పళ్ళెం గురించి ఆమె చెప్పిన చరిత్ర అంతే.

బోర్లిస్తే
నక్క ఆవిరిలో చెమటోడుస్తూ
కింద మట్టగిడసలకి
బాప్తీస్మం గురించి బోధించేవాడు.
అవి అప్పటికే చింతపండు పులుసులో
నిండా మునిగి ఉండేవి.

రత్నప్రకాశం అయ్యగారు భోజనానికొస్తే
మామ్మ పళ్ళేన్ని గోడవైపు తిప్పి పెట్టేది.
ఒకసారి మర్చిపోయింది.
ఆయన చాలాసేపు చూసి
"ఇది ఆర్సీయం వాళ్ళ మీద వేసింది" అని తేల్చి
ఇంకో ముక్క వేయించుకున్నారు.

పక్కవీధి శేషావధానులు గారు గుమ్మంలోంచే చూసి
"అయితే మీలోనూ ఉన్నారన్నమాట!" అని నవ్వారు.
ఎందుకో నవ్వు సగంలో ఆపి
ఉత్తరీయం సర్దుకున్నారు.
కాలవలో కొంగ
ఒంటికాలి మీంచి రెండో కాలికి మారింది.

ఎనభయ్యారు వరదకి పళ్ళెం రెండు ముక్కలైంది.
పగులు సరిగ్గా నక్క నోటిమీదుగా పోయింది.
కంసాలి రాగితీగతో కుట్టిచ్చాడు.
మూతి కుట్టినా ప్రసంగం ఆగలేదు,
కుట్ల సందుల్లోంచి ఆవిరై వస్తూనే ఉంది.

మొన్న కాకినాడ నుంచి
పాతసామాన్ల షావుకారొచ్చాడు.
భూతద్దం పెట్టి, "వ్యంగ్యం," అన్నాడు.
"చాలా అరుదైన వ్యంగ్యం."
కుట్లకి పదివేలు తగ్గించాడు.

కోతలైన చేలోకి బాతుల్ని తోలుకొచ్చిన నూకాలు
అప్పుడే మంచినీళ్ళకొచ్చింది.
తడిచేతుల్తోనే పళ్ళెం అందుకుంది.
నక్కని చూడలేదు.
వేలు పెట్టి బాతుల్ని లెక్కేసింది,
జేబులోదాన్ని కూడా కలిపి.

"ఈ చివర్ది ఆయన్ని చూట్టంలేదమ్మా.
గట్టెక్కడుందో చూసుకుంటంది.
మందకొకటుంటది ఇలాంటిది.
గుడ్లకేగానీ కూరకి
దాన్ని మాత్రం అమ్మం."

షావుకారు ఇంకా ధర చెబుతున్నాడు.
పొయ్యి మీద రొయ్యలు పొంగుతున్నాయి.
మూత ఇలా ఇమ్మని
నూకాలుకి చెయ్యి చాపాను.